శెనక్కాయలు, బొరుగులు, ఒక తెల్ల పంచె: ఎండాకాలం ఇంట్లో చిన్నపిల్లలతో చేసే పనులు

అనంతపురంలో ఏప్రిల్ మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. పదకొండుకి తలుపు వేస్తే మళ్లీ నాలుగున్నరకే తీయడం. ఎండ 40 దాటుతుంది, కరెంటు ఉంటే ఫ్యాను వేడిగాలి కొడుతుంది, పోతే అదీ ఉండదు. ఆ ఐదారు గంటలు నాలుగున్నరేళ్ల మా పాపతో, మూడేళ్ల మా అక్క కొడుకుతో ఇంట్లోనే గడపాలి. ఫోన్ చేతికిస్తే ఇల్లంతా నిశ్శబ్దం, లాక్కుంటే వీధంతా వినపడే ఏడుపు.

మొదట్లో నేనూ వీడియోలు చూసి మెరుపు కాగితాలు, ఫోమ్ షీట్లు, పూసలు అంటూ స్టేషనరీ షాపులన్నీ తిరిగాను. మూడొందలు పెట్టి కొన్నవాటితో ఒక సీతాకోకచిలుక తయారైంది. తయారు చేసింది నేను. వాళ్లిద్దరూ పది నిమిషాలు చూసి, ఆ సామాను తెచ్చిన ఖాళీ కవర్‌తో ఆడుకోవడానికి పోయారు.

అదే వారంలో మా అత్తమ్మ వరండాలో కూర్చుని విత్తనాల కోసం శెనక్కాయలు ఒలుస్తా ఉంటే ఇద్దరూ పోయి చెరో పక్క కూర్చున్నారు. గంటసేపు లేవలేదు. "జేజీ, దీంట్లో మూడుండాయి!" అని మా పాప అరిస్తే, మూడు గింజల కాయ కోసం వాడు కుప్పంతా తవ్వి పోశాడు. పిల్లలకి కావాల్సింది మన ఇంట్లో మూటలోనే ఉందని నాకప్పుడు అర్థమైంది. అప్పటినుంచి మా ఇంట్లో పద్ధతి ఒకటే: రోజుకో వస్తువు, లేకపోతే ఒక విషయం. దాంతో ఒక బొమ్మ, దాంతోనే ఒక తిండి. పొద్దున చేత్తో పట్టుకున్నది సాయంత్రానికి నోట్లోకి పోవాలి. అలా చేసినవాటిలో బాగా కుదిరినవీ, చెడినవీ కూడా ఇక్కడ రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు

మూడు నాలుగేళ్ల పిల్లలు ఒక పని మీద కుదురుగా కూర్చునేది పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. కాబట్టి కొలతలు, కోతలు, పొయ్యి పనులు ముందే మీరు ముగించుకుని, పిసకడం, అద్దడం, చెరగడం, ఉండ చుట్టడం లాంటివి మాత్రమే వాళ్ల కోసం ఉంచండి. పాత దుప్పటి ఒకటి కింద పరచండి, తడిగుడ్డ పక్కనే పెట్టుకోండి. నేను పొయ్యి ముందు సుద్దముక్కతో ఒక గీత గీసేశాను, అది దాటితే ఆ రోజు పని బంద్. రెండుసార్లు నిజంగానే బంద్ చేశాను, మూడోసారి అవసరం రాలేదు.

జిగురు కొనకండి. రెండు చెంచాల మైదాని ఒక కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ ఉంటే నాలుగైదు నిమిషాల్లో గంజిలాగా చిక్కబడి కొంచెం నిగనిగలాడుతుంది. గోడలకి సినిమా పోస్టర్లు అంటించేది ఇలాంటి మైదా బంకతోనే. చల్లారాక వేళ్లతో పూసుకోవచ్చు. ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది, తర్వాత వాసనే చెప్పేస్తుంది.

శెనక్కాయ రోజు

ముందు ఒక జాగ్రత్త, ఇది మాత్రం దాటేయకుండా చదవండి. నాలుగైదేళ్ల లోపు పిల్లలకి శెనగ్గింజ గింజగా తినడానికి ఇవ్వకూడదు, గొంతులోకో ఊపిరి గొట్టంలోకో పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఒలుస్తున్నప్పుడు కూడా ఎవరో ఒక పెద్దవాళ్లు పక్కనే ఉండాలి, గింజలు నోట్లోకి, ముక్కులోకి పోకుండా చూసుకోవాలి. తినేది పొడి చేశాకే. అంతకుముందు ఎప్పుడూ శెనక్కాయ తినని పిల్లలైతే మొదట కొంచెమే పెట్టి చూడండి. ఒంటిమీద దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం లాంటివి కనిపిస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.

ఇక బొమ్మలు. రెండు గింజల కాయకి మధ్యలో నడుంలాగా సన్నగా ఉంటుంది కదా, సరిగ్గా అక్కడ అడ్డంగా విరిస్తే రెండు బుడ్డి టోపీలు వస్తాయి. చిన్నపిల్లల వేలి చివరికి అవి అచ్చంగా సరిపోతాయి, మన వేలికి పట్టవు. నల్ల స్కెచ్ పెన్‌తో రెండు కళ్లు, ఒక మీసం గీస్తే మనిషి. పైన రెండు చింతాకులు అంటిస్తే మేక. ఐదు వేళ్లకి ఐదుగురు. మా పాప బొటనవేలు తాత, చిటికెన వేలు తను, మధ్యవేలు పోలీసు. పోలీసు ఎందుకని అడిగితే "మమ్మల్ని కొట్టుకోకుండా చూసుకోడానికి" అంది.

నిలువుగా చీలిన పొట్టు పారేయకండి. అట్టముక్క మీద పెద్ద కోడి బొమ్మ గీసి, దాని ఒంటినిండా బంక పూసి పొట్టు ముక్కలు ఈకల్లాగా వరసగా అంటించమంటే అరగంట పట్టే పని అవుతుంది. వరసగా రావు. రాకపోయినా కోడి కోడిలాగానే ఉంటుంది, మీరు వెనకనుంచి సర్దకండి.

తిండికి శెనక్కాయ ఉండలు. పాకం పట్టేది కాదు, ఎందుకంటే బెల్లం పాకం చుక్క మీద పడితే పిల్లల చర్మం తట్టుకోలేదు. ఒక కప్పు గింజల్ని సన్నసెగ మీద పది, పన్నెండు నిమిషాలు, చిటపటమనేదాకా వేయించి పూర్తిగా చల్లారనివ్వండి. పలచటి గుడ్డలో మూటకట్టి పిల్లల చేతికిచ్చి రుద్దమనండి. మూట విప్పితే పొట్టు విడిపోయి ఉంటుంది. దాన్ని చేటలో పోసి చెరగడం మా అత్తమ్మ చేసి చూపించింది. ఆమె చేట ఎగరేస్తే గింజలు వెనక్కి, పొట్టు ముందుకి. మా వాడు ఎగరేస్తే రెండూ ముందుకే. అప్పుడు చేట నేను పట్టుకుని వాళ్లని ఉఫ్ అని ఊదమన్నాను. ఎర్రపొట్టంతా లేచి చెమట పట్టిన మొహాల మీద అతుక్కుంది. వాడు అద్దంలో చూసుకుని మీసాలొచ్చినాయని ఆ సాయంత్రం దాకా మొహం కడగనివ్వలేదు. ఈ పని ఫ్యాను కింద మాత్రం పెట్టుకోవద్దు, నేను పెట్టుకున్నాను, మూడురోజుల తర్వాత కూడా మంచం కింద పొట్టు దొరికింది.

ఒలిచిన గింజల్ని మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఆపకుండా తిప్పితే నూనె ఎక్కువ దిగి ముద్దయిపోతుంది. పలుకులు మిగలకుండా పొడి అయ్యాక అర కప్పు తురిమిన బెల్లం, రెండు ఏలక్కాయల పొడి వేసి ఇంకో రెండు తిప్పులు తిప్పితే చాలు, చేత్తో పట్టుకుంటే ఉండ నిలబడుతుంది. నెయ్యి కూడా అక్కర్లేదు. మొత్తం పది పన్నెండు ఉండలు రావాలి. పిల్లలు చుడితే ఏడే వస్తాయి, మిగతా లెక్క వాళ్ల నోటిదగ్గర కనపడుతుంది.

తోలుబొమ్మల రోజు

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైనది, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలుని శుభ్రం చేసి వెలుగు అవతలికి కనిపించేంత పలచన చేస్తారు, రంగులు అద్దుతారు, నగలు ఉండాల్సిన చోట సన్నసన్న చిల్లులు కొడతారు. వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగే హారం, వడ్డాణం, కిరీటం అయిపోతాయి. మామూలు నీడబొమ్మ నల్లగా పడుతుంది, మన బొమ్మ నీడ రంగుల్లో పడుతుంది. ఆ తేడా పిల్లలకి చూపించాలంటే తోలు అక్కర్లేదు, తెల్లకాగితం, కొబ్బరినూనె చాలు.

తెల్లకాగితం మీద మీరు నల్ల స్కెచ్ పెన్‌తో మందంగా బొమ్మ గీసివ్వండి. రాముడో హనుమంతుడో కానక్కర్లేదు, మా ఇంట్లో మొదటి బొమ్మ పాలప్యాకెట్ తెచ్చే అన్న. ఒక చెయ్యి మాత్రం విడిగా గీయండి. పిల్లలు స్కెచ్ పెన్నులతో రంగులు వేస్తారు. ఎంత ముదురుగా వేస్తే అంత మంచిది. రంగు ఆరాక కాగితం తిప్పి వెనకవైపు దూదితో కొబ్బరినూనె రాయండి. ఇది పిల్లల పనే. రాసిన చోటల్లా కాగితం తెలుపు పోయి అద్దంలాగా అవుతూ, కిందున్న నేల కనిపిస్తుంటే వాళ్ల మొహాలు చూడాలి. మా పాప చెయ్యి కాగితం కింద పెట్టి "అమ్మా, నా వేళ్లు లోపల కనిపిస్తాండాయి" అని నాలుగుసార్లు చూపించింది. ఎక్కువైన నూనెని పాత పేపర్‌తో అద్దేసి ఒక గంట ఆరేయండి.

ఒక మాట, నూనె రాసిన కాగితానికి ఏ టేపూ అంటదు, మైదా బంక కూడా అంటదు. నేను ముందు నూనె రాసేసి తర్వాత పుల్లలు అంటించబోయి గంటసేపు తలకొట్టుకున్నాను. పుల్ల వచ్చే చోట నూనె రాయకుండా వేలెడు వెడల్పు పట్టీ వదిలేయండి, లేకపోతే పుల్లని సూదీదారంతో కుట్టేయండి. చీపురు పుల్లలు రెండు కావాలి, ఒకటి వీపుకి నిలువుగా, ఇంకొకటి కదిలే చేతికి. చేతిని భుజం దగ్గర దారంతో రెండువైపులా ముడేసి వదిలితే ఊగుతుంది. సూది పని మీదే. నగల కోసం చిల్లులు పేపర్లకి వేసే పంచింగ్ మెషీన్‌తో కొట్టనివ్వండి. అంచుల వరకే అందుతుంది కాబట్టి మా బొమ్మలన్నిటికీ నగలు చీర అంచునే ఉంటాయి.

తెర అంటే తెల్ల పంచె. రెండు గదుల మధ్య గుమ్మానికి బిగుతుగా కట్టండి, ముడతలుంటే బొమ్మ మొహం కూడా ముడత పడుతుంది. వెనక స్టూలు మీద టార్చిలైటు, లేకపోతే ఫోన్ లైటు, తెరకి మూడు నాలుగడుగుల దూరంలో పెట్టండి. పూర్వం ఆముదం దీపాలతో ఆడేవాళ్లు, మనకి ఆ సాహసం వద్దు, నూనె కాగితం పక్కన నిప్పు అసలే వద్దు. బొమ్మని తెరకి ఆనించి పట్టుకుంటే స్పష్టంగా, రంగులతో పడుతుంది. వెనక్కి, లైటు వైపు జరిపితే పెద్దదవుతూ మసకబారుతుంది. ఇది చెప్పకండి, వాళ్లనే కనుక్కోనివ్వండి. మా వాడు దాన్ని కనుక్కున్నాక ఆ రోజు ఆటలో ప్రతివాడూ రాక్షసుడే.

దీనికి తిండి చపాతీ బొమ్మలు. మామూలు చపాతీ పిండిలో కొంచెం బెల్లం నీళ్లు కలిపి తడిపి, కాస్త మందంగా వత్తి, గిన్నె మూతలతో, గ్లాసు అంచుతో గుండ్రాలు కోయనివ్వండి. కడిగిన జ్యూస్ స్ట్రాతో చిల్లులు పొడిస్తే నగలొచ్చేస్తాయి. పెనం మీద నెయ్యితో మీరు కాల్చండి, బెల్లం ఉంది కాబట్టి త్వరగా మాడుతుంది, సెగ తగ్గించుకోండి. తినేముందు ఒకదాన్ని తెర వెనక పట్టుకుని చూపించండి. నల్లటి నీడ, మధ్యలో వెలుగు చుక్కలు. కాగితం బొమ్మకి రంగులొచ్చాయి కదా, చపాతీకి ఎందుకు రాలేదని అడిగితే మా పాప చాలాసేపు ఆలోచించి "దీనికి నూనె చాల్లేదు" అంది. నేను ఇంకో చెంచా నెయ్యి వేశాను.

వాన రోజు, అంటే బొరుగుల రోజు

అనంతపురం చుట్టుపక్కల ఏడాదికి పడే సగటు వాన 550 మిల్లీమీటర్ల లెక్కలో ఉంటుంది. ఇక్కడి పిల్లలకి వాన గురించి చెప్పాలంటే బొమ్మ వేసి చెప్పడమే మిగిలింది అని మా ఆయన జోకు. నీలం కాగితం మీద బంక మందంగా పూసి గుప్పెడు బొరుగులు (మరమరాలు) చల్లి దులిపితే మబ్బు. దాని కింద వేలిని నీలం రంగులో ముంచి చుక్కలు పెడితే వాన. మా అమ్మ చిన్నప్పుడు వానలు రాకపోతే రోకలికి వేపమండలు, కప్పని కట్టుకుని వీధుల్లో తిరుగుతుంటే ఇంటింటా బిందెలతో నీళ్లు పోసేవాళ్లట. ఆ కథ చెప్తూ ఆకుపచ్చ కాగితంతో ఒక కప్పని చేసి అప్పడాల కర్రకి కట్టిస్తే, ఇద్దరూ హాల్లో ఊరేగారు. నీళ్లు పోయాల్సిందేనని పట్టుబట్టారు. బాత్‌రూమ్‌లో పోశాను.

తిండి ఇంకేముంటుంది, ఉగ్గాని. ఇందులో పిల్లలకి రెండు పనులుంటాయి. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి నాలుగైదు కప్పుల బొరుగులు వేసి ముంచమనండి. తేలిపోతుంటాయి, మళ్లీ ముంచాలి, మళ్లీ తేలతాయి, ఇది వాళ్లకి ఆట. ఒకట్రెండు నిమిషాలు చాలు, వెంటనే గుప్పిళ్లతో గట్టిగా పిండి వేరే గిన్నెలో వేయమనండి. నేను ఫోన్ వచ్చిందని వంటింట్లోంచి పోయి వచ్చేసరికి ఒకసారి పది నిమిషాలైంది, బొరుగులు లేవు, జావ ఉంది. పుట్నాల పప్పు మీరు పొడికొట్టి పెట్టుకోండి. చివర్లో అది చల్లేది వాళ్ల రెండో పని.

పొయ్యి మీద నూనె, ఆవాలు, కరివేపాకు, ఉల్లిపాయ, కొంచెం పసుపు, టమాట. పెద్దవాళ్లకి పచ్చిమిర్చి కావాలి కాబట్టి పిల్లల వాటా ముందే తీసేసి తర్వాత వేసుకోండి. పోపు మగ్గాక ఉప్పు, పిండిన బొరుగులు వేసి ఒక్కసారి తిప్పి దించేయడమే. దించాక పప్పుల పొడి రెండు మూడు చెంచాలు, కొత్తిమీర, నిమ్మరసం. పక్కన మిరపకాయ బజ్జీ లేకుండా ఉగ్గాని ఏందని మీ ఇంట్లో ఎవరైనా అంటే బజ్జీలు వాళ్లనే వేసుకోమనండి.

పసుపు మ్యాజిక్

చిన్నది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది, కానీ పిల్లలు రోజూ అడుగుతారు. రెండు చెంచాల పసుపుని కొన్ని నీళ్లలో కలిపి తెల్లకాగితం నిండా పూసి ఎండలో పెట్టండి, మన ఎండకి ఐదు నిమిషాల్లో ఆరుతుంది. పావు కప్పు నీళ్లలో అర చెంచా వంటసోడా కలిపి, దూదిపుల్ల ముంచి ఆ పసుపు కాగితం మీద గీయమనండి. గీసిన చోటల్లా ఎర్రగా వస్తుంది. పెళ్లిళ్లలో ఎర్రనీళ్ల హారతి తీస్తారు చూడండి, పసుపులో సున్నం కలిపితే ఎర్రబడేది ఇదే కారణంతో. పసుపులోని రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పచ్చబడుతుంది. కాబట్టి ఆ ఎర్ర గీత మీద నిమ్మరసం చుక్క వేస్తే అది మాయం. సున్నంతో మాత్రం చేయించకండి, కంట్లో పడితే చాలా ప్రమాదం. పాతబట్టలు వేయండి, పసుపు గోడకంటితే ఎన్నిరోజులుంటుందో మా హాలు గోడని అడగండి.

నిమ్మకాయలు ఎలాగూ బయటికి తీశారు కాబట్టి, ఇంకో రెండు తీసి చిత్రాన్నం కలిపేయండి. నిమ్మకాయ పిండడం పిల్లల పని. గింజలు ఏరడం మీ పని. వాళ్ల గిన్నెలో పోపు శెనగ్గింజలు పడకుండా చూసుకోండి.

లేపాక్షి నంది

హిందూపురం వైపు పోయినప్పుడు లేపాక్షి నందిని చూపించాం. ఒకే రాయి, సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. మా వాడికి దాని సైజు కాదు, మెడలో గంటలే గుర్తున్నాయి. ఇంటికొచ్చి నందిని చేద్దామన్నాడు. చిన్నపిల్లలు చేయడానికి నంది భలే అనుకూలం, ఎందుకంటే కూర్చుని ఉంటుంది. నిలబడ్డ ఆవుని చేస్తే కాళ్లు విరుగుతాయి, దీనికి ఆ బాధ లేదు. పెద్ద ఉండ ఒళ్లు, చిన్న ఉండ తల, పక్కన రెండు పొడుగు చుట్టలు మడిచిన కాళ్లు, మీద ఒక బుడ్డి ఉండ మూపురం.

పిండికి మైదా రెండు కప్పులు, మెత్తటి ఉప్పు ఒక కప్పు, నీళ్లు ముప్పావు కప్పుతో మొదలుపెట్టి చూసుకుంటూ పోయాలి. చపాతీ పిండికంటే గట్టిగా ఉండాలి. ముక్కల్ని అతికేటప్పుడు రెండువైపులా నీటి చుక్క రాయండి. మెడలో గంటలకి పెన్ను క్యాప్ వరసగా అద్దితే చాలు. ఇది నోట్లో పెట్టుకునే పిండి కాదు, అంత ఉప్పు పిల్లలకి మంచిది కాదు, కుక్కలకి మరీ ప్రమాదం, కింద వదిలేయకండి.

మా మొదటి నందిని అంతా గట్టి ముద్దగా చేసి నేరుగా మిద్దె మీద ఎండలో పెట్టాను. సాయంత్రానికి పైన పగిలి, లోపల పచ్చిగా ఉంది. రెండోరోజు తల ఊడింది. వాడి ఏడుపుకి మా అత్తమ్మ వచ్చి, "ఏం కాదులే నాయనా, గుడిలో కూడా తలలు లేని విగ్రహాలు ఉంటాయి" అని ఓదార్చింది. రెండోసారి లోపల నలిపిన పేపర్ ఉండ పెట్టి దాని చుట్టూ అరంగుళం మందంలో పిండి అద్దాం, ఒకరోజు నీడలో, రెండు రోజులు తిప్పుతూ ఎండలో. అది నిలిచింది, ఆగస్టు దాకా. వానలు మొదలయ్యాక ఉప్పు తేమ పీల్చుకుని మెత్తబడి వాలిపోయింది.

తినే నంది రాగిపిండితో. కప్పు రాగిపిండిని రెండు చెంచాల నేతిలో సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా, ఎనిమిది పది నిమిషాలు వేయించి దించండి. గోరువెచ్చగా అయ్యాక అర కప్పు బెల్లం తురుము, నాలుగు చెంచాల శెనక్కాయ పొడి, చేత్తో పట్టుకుంటే నిలిచేదాకా కరిగిన నెయ్యి. అదే ఒళ్లు, అదే తల, కొమ్ములకి రెండు కొబ్బరి తురుము పోగులు. రంగు కూడా రాతిరంగులోనే వస్తుంది. మా పాప మూపురం మొదట తింటుంది.

ఊడలు

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది కదా, అతి పెద్ద మర్రిచెట్టుగా 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. దాని బొమ్మకి అట్ట మీద పిల్లల అరచేతులు ఆకుపచ్చ రంగులో ముంచి అద్దించాను, అవి ఆకులు. మోచేతి అచ్చు మాను. కొమ్మల కింద గోనెసంచిలోంచి లాగిన పురికొస పోగులు అంటిస్తే ఊడలు. సాయంత్రం సేమ్యా పాయసం, గిన్నెలోంచి చెంచాతో పైకెత్తితే వేలాడేవి ఊడలేనట, ఆ రోజు పాయసం తినడానికి ముప్పావుగంట పట్టింది.

ఊడలు అన్నమాట విన్నాక మా అత్తమ్మ ఊరుకోలేదు. "శెనక్కాయకి కూడా ఊడలు దిగుతాయి, తెలుసా?" అంది. తెలియదు. నిజానికి శెనక్కాయ పూత పైన పూస్తుంది, పూవు రాలాక అక్కడినుంచి ఊడ కిందికి వంగి మట్టిలోకి దిగుతుంది, దాని చివర మట్టిలోనే కాయ ఊరుతుంది. చూపిస్తేగానీ పిల్లలు నమ్మలేదు. పాత బకెట్‌కి కింద చిల్లులు పెట్టి, ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపి, జూన్ చివర్లో నాలుగు గింజలు రెండంగుళాల లోతులో పెట్టాం. వేయించినవి కాదు, పచ్చివి, పొట్టు ఊడనివి. వారంలో మొలకలు. దాదాపు నెలకి పసుప్పచ్చ పూలు, పొద్దున్నే చూడాలి, మధ్యాహ్నానికి వాడిపోతాయి. ఇంకో వారం పది రోజులకి ఊడలు వంగడం కనిపించింది. ఆ దశలో మట్టి గట్టిపడకుండా పైపైన గుల్ల చేయాలి, లేకపోతే ఊడ దిగలేదు. మా వాడు ఒక ఊడకి వేలు అడ్డం పెట్టి అది తన వేలులోకి దిగుతుందేమోనని చాలాసేపు కూర్చున్నాడు.

దాదాపు నూట పది రోజులకి, దసరా సెలవులు అయిపోతుండగా పీకాం. పీకడానికి ముందురోజు నీళ్లు పోస్తే మట్టి వదులవుతుంది. బతికిన మూడు చెట్లకి కలిపి పంతొమ్మిది కాయలు, అందులో ఐదు తాలు. కడిగి ఉప్పేసి ఉడకబెట్టి, పిల్లల వాటా గింజల్ని మెత్తగా చిదిమి పెట్టాను. మూడు గింజల కాయ ఒక్కటి ఉంది. అది ఎవరిదన్న గొడవ తేలక, తినకుండా ఫ్రిజ్ మీద పెట్టారు.